మా పాత కవాసాకి మ్యూల్ 3010: షెడ్డులో రిపేరు డైరీ

అక్టోబర్ మూడో వారం

బండి ఇంటికొచ్చింది. కవాసాకి మ్యూల్ 3010, ఫోర్ వీల్ డ్రైవ్. అమ్మినాయన 2006 మోడల్ అన్నాడు గానీ, చాసిస్ మీది విన్ నంబరులో (బండి గుర్తింపు సంఖ్య) మోడల్ సంవత్సరం చెప్పే పదో స్థానంలో 4 ఉంది. అంటే 2004. గ్యాస్కెట్ దగ్గర నుంచి బ్రేక్ షూ దాకా ఏది ఆర్డర్ చేయాలన్నా సంవత్సరం సరిగ్గా తెలియాలి కాబట్టి, మట్టి గోకి, గుడ్డతో తుడిచి, ఆ నంబరు ఫోటో తీసి పెట్టుకున్నాను. పాత బండి కొన్నవాళ్లెవరైనా మొదట చేయాల్సిన పని ఇదే.

మాకు డాలస్‌కి ఉత్తరాన, గ్రేసన్ కౌంటీలో ఆరెకరాల పైచిలుకు నేల ఉంది. అందులో తేనెటీగల పెట్టెలు పెట్టాం. టెక్సస్‌లో ఐదు నుంచి ఇరవై ఎకరాల భూమికి తేనెటీగల పెంపకం కూడా వ్యవసాయం కిందే లెక్క. షరతులన్నీ కుదిరితే ఆస్తి పన్ను మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీద వేస్తారు. పన్ను సంగతి అలా ఉంచితే, తేనెతో నిండిన పెట్టెలు చేతుల మీద మోసుకురావడం నడుముకి పెద్ద పరీక్ష. వాన పడితే పికప్ ట్రక్కు లోపలికి పోదు, దిగబడుతుంది. అక్కడిది నల్లరేగడి. అచ్చం మా పల్నాడు నేలే, తడిస్తే జిగురు, ఎండితే చెయ్యి దూరేంత బీటలు. నేలల శాస్త్రంలో కూడా రెండిటినీ వర్టిసాల్స్ అనే ఒకే వర్గంలో పెడతారు. ఆ బురదలో తిరగాలంటే తేలికైన బండి, లావు టైర్లు, నాలుగు చక్రాలకీ పవర్ ఉండాలి.

ఇలాంటి బండ్లు చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, వెనక ఎత్తి దింపే తొట్టి ఉంటుంది. మ్యూల్ పేరుతో కవాసాకి 1988 నుంచీ వీటిని చేస్తోంది. 3010లో 617 సీసీ వీ ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్లు) పెట్రోలు ఇంజిను, నీళ్లతో చల్లబడేది. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ ఉంటుంది, గేర్లు మార్చే పని లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, వెనక కమాన్ కట్టలు. గంటకి 25 మైళ్లకి మించి పోదు, పోనక్కర్లేదు. తొట్టిలో 1,100 పౌండ్ల దాకా వేయొచ్చు. ఎక్కడా కంప్యూటర్ లేదు. ఇంట్లో పని చేసుకునేవాడికి అంతకంటే ఏం కావాలి! ఈ సైజు బండి కొత్తది కొనాలంటే పది వేల డాలర్ల పైమాటే.

అమ్మినాయన చెప్పిన రోగం ఒక్కటే: "కార్బురేటర్ పోయింది, అది మారిస్తే పరిగెత్తుతుంది." నేను చూసినవి వేరే ఉన్నాయి. బ్రేక్ పెడల్ నేలదాకా పోతోంది. సెల్ఫ్ ఈడుస్తోంది. రేడియేటర్ ముందు భాగం ఎండిన గడ్డితో, మట్టితో పూర్తిగా మూసుకుపోయింది. ఎడమవైపు ముందు యాక్సిల్ కీలుకి తొడిగే రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మింది. సీటు బెల్టుల పట్టీ ఎండకి పెళుసెక్కి గోరుతో గీస్తే పొడి రాలుతోంది.

అమ్మా నాన్నా నరసరావుపేట నుంచి ఈ నెలే వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. నాన్న ముప్ఫై ఏళ్ల పైగా సొంత ట్రాక్టరు సొంతంగా బాగుచేసుకున్న మనిషి. బండి చుట్టూ తిరిగి, వంగి, పెడల్‌ని చేత్తో నొక్కి చూసి, "ముందు బ్రేకులు చూడరా. ఇంజిన్ ఎక్కడికీ పోదు" అన్నారు. నా లెక్కలో కార్బురేటర్ మొదట ఉంది. ఆయన మాటతో వరస మారింది. మా స్థలం చెరువు వైపు ఏటవాలుగా ఉంటుంది, ఆయన చెప్పిందే న్యాయం.

అక్టోబర్ చివర

షెడ్డులో సిమెంటు నేల మీద పెట్టి, చక్రాలకి అడ్డు చెక్కలు వేసి, చాసిస్ కింద నాలుగు జాక్ స్టాండ్లు పెట్టాం. ఒట్టి జాకీ మీదే నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. తొట్టి ఎత్తి పని చేసేటప్పుడు కూడా దాని సొంత ఊతకర్ర మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టకుండా, నేను ఒక దుంగ కూడా ఆనించి పెడుతున్నాను.

వెనక కుడి డ్రమ్ము ఊడి రాలేదు. డ్రమ్ము లోపల రాసుకుని బండిని ఆపే షూలు దాని అంచులో తుప్పుతో పట్టేసి ఉన్నాయి. పానాతో సర్దుబాటు వెనక్కి తిప్పి, హబ్బు చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి, రబ్బరు సుత్తితో చుట్టూ సమంగా కొట్టుకుంటూ వస్తే ఊడింది. లోపల నల్లరేగడి. అచ్చుపోసినట్టు, షూల వంపు తిరిగి ఉంది. ఒక ముక్క ఊడదీస్తే దాని మీద స్ప్రింగు చుట్ల ముద్ర పడి ఉంది. ఈ మట్టి తడిగా లోపలికి పోయి, ఎండి, మళ్లీ తడిసి, ప్రతిసారీ కొంచెం కొంచెం బిగుసుకుంటూ ఎన్నేళ్లుగా అక్కడుందో.

దాన్ని గాలి పైపుతో ఊదకూడదు. బ్రేక్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు, షూల మీది పాత లైనర్లలో (రాపిడి పొర) ఏం కలిపారో మనకి తెలియదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి, కింద ట్రే పెట్టి, బ్రష్షుతో కడిగాం. క్లీనర్ డబ్బా మీద క్లోరిన్ లేనిది అని రాసి ఉందో లేదో చూసుకోండి. క్లోరిన్ ఉన్న రకం తడి ఆరకముందే అక్కడ వెల్డింగ్ చేస్తే వచ్చే వాయువు ప్రాణం తీస్తుంది.

షూలని బయటికి నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తగానే బ్రేక్ ఫ్లూయిడ్ కారింది. ఒక పిస్టన్ కదులుతోంది, రెండోది తుప్పుతో అతుక్కుపోయింది. లైనర్ ఫ్లూయిడ్ పీల్చుకుని నల్లగా మెరుస్తోంది. ఎడమ వెనక చక్రంలో కారడం లేదు గానీ పిస్టన్లు అక్కడా బిగుసుకున్నాయి. బ్రేకుల విషయంలో ఒక పక్కది మార్చి రెండో పక్కది వదిలేస్తే బండి ఒకవైపు లాగుతుంది, కాబట్టి వెనక రెండిటికీ సిలిండర్లు, షూలు, స్ప్రింగులు కొత్తవి ఆర్డర్ చేశాను. ముందు చక్రాల లైనర్లు మందంగానే ఉన్నాయి, సిలిండర్లు కదులుతున్నాయి. శుభ్రం చేసి, డస్ట్ క్యాపులు మార్చి, అవే ఉంచాను.

నవంబర్ మొదటి వారం

పార్టులు వచ్చాయి. షూలు కూర్చునే బ్యాకింగ్ ప్లేటు మీద చిన్న మెట్టలు ఉంటాయి, షూ అంచు వాటి మీద జారుతుంది. అక్కడ తుప్పు తీసి, వేడికి కరగని బ్రేక్ గ్రీజు సన్నగా రాశాం. సన్నగా అంటే వేలికి అంటుకున్నంత. ఎక్కువైతే వేడికి లైనర్ మీదికి పాకుతుంది. ఈ ఒక్క పని వదిలేసినందువల్లే చాలా డ్రమ్ బ్రేకులు విడుదల కాకుండా రాసుకుంటూ ఉంటాయి.

తర్వాత బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడం. పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ నెట్టే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాం. నేను కింద, నాన్న పెడల్ మీద. గాలి బయటికి వదిలే నిపుల్‌కి పారదర్శకంగా ఉండే సన్న పైపు తగిలించి, రెండో కొస సీసాలో ఫ్లూయిడ్‌లో మునిగేలా పెట్టాను.

"తొక్కు నాన్నా. తొక్కి పట్టుకో."

"పట్టుకున్నా."

పానా పావు మలుపు తిప్పగానే పైపులో కాఫీ రంగు ఫ్లూయిడ్, దాని వెనక నురగ. బిగించాను.

"వదులు. మెల్లగా వదులు."

మెల్లగా వదలడం ముఖ్యం, గబుక్కున వదిలితే మళ్లీ గాలి పీల్చుకునే వీలుంటుంది. మధ్యమధ్యలో అమ్మ వచ్చి మాస్టర్ సిలిండర్‌లో ఫ్లూయిడ్ మట్టం చూసి చెబుతోంది, అది అడుగంటితే పని మొదటికొస్తుంది. కాసేపటికి కాఫీ రంగు పోయి తేనె రంగు, చివరికి నీళ్లలా తేటగా వచ్చింది. బుడగలు ఆగిపోయాయి. పెడల్ పైనే గట్టిగా నిలిచింది. నాన్న మొహంలో తృప్తి చూడాలి.

ఫ్లూయిడ్ విషయంలో ఒక్క మాట. మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయాలి. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ జాతివి, గాలిలో తేమ పీల్చుకుంటాయి. ఈ సిలిండర్లు తుప్పు పట్టడానికి కారణం ఆ తేమే. ఎప్పుడో మూత తీసిన సీసా షెడ్డులో ఉంటే అది పారేసి కొత్తది కొనండి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

పార్కింగ్ బ్రేక్ కేబుల్‌కి కూడా నూనె పట్టించి, సర్ది, షెడ్డు ముందు ఏటవాలు మీద నిలబెట్టి చూశాం. నిలబడింది. ఇక ఇంజిన్ మాట.

నవంబర్ మధ్య

సెల్ఫ్ ఈడుస్తోందని బ్యాటరీ మార్చేయడం అందరూ చేసేదే. అమ్మినాయన కూడా అదే చేశాడు, బ్యాటరీ కొత్తదే. మల్టీమీటర్ పెడితే ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.4, అదే సమయంలో సెల్ఫ్ మోటారు దగ్గర 8.3. దారిలో రెండు వోల్టుల పైన మాయమైపోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో తెలియాలంటే తీగ విప్పక్కర్లేదు. మీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొస సెల్ఫ్ మోటారు బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను: 0.3. ఆ వైపు బాగానే ఉంది. ఇప్పుడు బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బ్లాకుకి: 1.8. దొంగ ఎర్తు వైపు ఉన్నాడు. చాసిస్‌కి బిగించిన ఎర్తు తీగ చూడ్డానికి బాగానే ఉంది. బోల్టు విప్పితే లగ్గు కింద పెయింటు మీద తుప్పు, తీగ తొడుగు కోస్తే లోపల రాగి పోగులు పచ్చగా పొడిపొడిగా ఉన్నాయి. కొత్త లావు తీగ వేసి, చాసిస్ దగ్గర లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు రాశాను. మళ్లీ కొలిస్తే 0.1. సెల్ఫ్ ఇప్పుడు గిర్రున తిప్పుతోంది. ఖర్చు ఒక తీగ, రెండు లగ్గులు.

పార్టు కొనే ముందు కొలత తీయాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇలాంటివే. ఈ బండికి అప్పటికే ఒక బ్యాటరీ అనవసరంగా కొన్నారు. ఎర్తు సంగతి చూడకపోతే తర్వాత సెల్ఫ్ మోటారు కూడా కొనేవాళ్లు.

ఇంజిన్ ఆరోగ్యం చూడ్డానికి రెండు ప్లగ్గులూ తీసి కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) కొలిచాను. రెండు సిలిండర్లకీ తేడా 5 పీఎస్ఐ లోపే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ సందులు ఫీలర్ గేజ్‌తో చూస్తే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ బిగువుగా ఉంది, సర్వీస్ మాన్యువల్లో చెప్పిన కొలతకి సర్దాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకల గూడు: గడ్డి, సీటు స్పాంజి, వేరుశెనగ తొక్కలు. గ్లౌజులు, మాస్కు వేసుకుని, క్రిమిసంహారక మందుతో తడిపి తీశాను. ఎలుకల చెత్త పొడిగా ఊడ్చితే ఆ దుమ్ముతో హాంటా వైరస్ ప్రమాదం ఉంది.

నవంబర్, థ్యాంక్స్‌గివింగ్ సెలవులు

ట్యాంకులో పాత పెట్రోలు కొంచెం గాజు సీసాలో పట్టి కిటికీలో పెట్టాను. గంట తర్వాత చూస్తే రెండు పొరలు. పైన గోధుమ రంగు, కింద మబ్బుగా ఇంకో పొర. ఇక్కడ మామూలు బంకుల్లో అమ్మే పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. నీళ్లు ఓ మోతాదు దాటాక రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి. ఇంజిన్‌కి పెట్రోలు పోయేదీ ఆ అడుగు నుంచే. మొత్తం ఖాళీ చేసి డబ్బాల్లో పోసి, ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వడానికి పక్కన పెట్టాం. ట్యాంకు కడిగి, పెట్రోలు పైపులు, ఫిల్టరు అన్నీ మార్చేశాను. పైపు మీద 30ఆర్7 అని అచ్చు ఉన్నది, పెట్రోలు కోసం చేసింది, కొన్నాను.

కార్బురేటర్ బయటికి తీశాను. స్క్రూ తలలు నలిగిపోయి ఉన్నాయి, ఇంతకు ముందు ఎవరో విప్పారు. పెట్రోలు నిలిచే గిన్నె అడుగున తెల్లటి పొక్కు, అల్యూమినియంని నీళ్లు తిన్న గుర్తు. గోడల మీద లక్కలాంటి పొర. పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కల్లో (జెట్లు) మెయిన్ జెట్ ఫర్వాలేదు. పైలట్ జెట్ విప్పి ఆకాశం వైపు పట్టుకుని చూస్తే వెలుతురు లేదు. దాని రంధ్రం జుట్టు పోగంత. క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత తీగలోంచి తీసిన ఒక్క రాగి పోగు మెల్లగా దూర్చి తీశాను. ఉక్కు తీగ, డ్రిల్ ముక్క వాడొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎప్పటికీ ఎక్కువే వస్తుంది. మళ్లీ పైకి పట్టి చూస్తే గుండ్రంగా, పదునుగా, సూది మొనంత వెలుతురు కనిపించింది. నాన్నకిచ్చాను. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు.

చవక రకం కొత్త కార్బురేటర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. నేను పాతదే ఉంచి, గ్యాస్కెట్లు, ఫ్లోట్ సూది ఉన్న కిట్ వేశాను. కంపెనీ కార్బురేటర్ బాడీ పగలకుండా ఉన్నంతకాలం దాన్ని వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం. జెట్ కొలతలు ఈ ఇంజిన్ కోసం వేసినవి. చవక రకంలో అవి అచ్చంగా అవే ఉంటాయన్న భరోసా లేదు.

కొత్త పెట్రోలు, ఇథనాల్ లేనిది, పోసి చోక్ లాగి సెల్ఫ్ కొట్టాను. పట్టుకుంది. రెండు సిలిండర్లూ సమంగా, మెత్తగా. అమ్మ లోపల్నుంచి పరుగున వచ్చింది. పిల్లలు ఎక్కుతామని గొడవ. సీటు బెల్టులు కొత్తవి బిగించేదాకా ఎవరూ ఎక్కడానికి వీల్లేదని చెప్పేశాను.

డిసెంబర్ మొదట్లో

కంచె వెంట తిప్పి చూస్తున్నాం. పది, పదిహేను నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత దగ్గి, నీరసించి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది, ఏమీ ఎరగనట్టు.

వేడెక్కాక ఆగిపోయే ఇంజిన్‌కి ప్రధానంగా రెండు అనుమానాలు. ఇగ్నిషన్ కాయిల్ వేడికి పనిచేయడం మానేయడం, లేదా పెట్రోలు అందకపోవడం. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేల్చాలంటే ఆగిపోయిన ఆ క్షణంలోనే చూడాలి, చల్లారాక చూస్తే రెండూ బాగున్నట్టే ఉంటాయి. అందుకని ప్లగ్గుకీ తీగకీ మధ్య స్పార్క్ టెస్టర్ తగిలించి, కంచె దగ్గరికే పనిముట్ల డబ్బా పట్టుకెళ్లాను. ఆగింది. సెల్ఫ్ కొడితే టెస్టర్‌లో నీలం మెరుపు టకటకా వస్తోంది. కాయిల్ నిర్దోషి. కార్బురేటర్ గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి కింద డబ్బా పెట్టాను. రెండు చుక్కలు. గిన్నె ఖాళీ.

ఇంజిన్ చల్లారాక, పంపు నుంచి వచ్చే పైపు సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పెట్రోలు బాగానే వచ్చింది. అంటే పంపు కూడా పనిచేస్తోంది, మొదట్లో. మరి తర్వాత ఏమవుతోంది? నాన్న ట్యాంకు దగ్గర నిలబడి అడిగారు: "దీనికి గాలి ఎక్కడ నుంచి వస్తదిరా? స్ప్రేయరు మూతకి చిల్లు పూడితే మందు కొట్టదు కదా."

బండి మళ్లీ తిప్పి, ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత మెల్లగా తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు, ఇద్దరం విన్నాం. సెల్ఫ్ కొట్టగానే కాసేపట్లో అందుకుంది.

పెట్రోలు ఖాళీ అయిన చోటికి గాలి రాకపోతే ట్యాంకులో శూన్యం పెరుగుతుంది, చివరికి పంపు లాగలేదు. మూత వదులుగా పెట్టి తిరగడం పరిష్కారం కాదు, ఏటవాలు మీద పెట్రోలు ఒలికితే నిప్పుతో చెలగాటం. ట్యాంకు గాలి పైపుని పట్టుకుని కొసదాకా వెళ్లాను. చివర ఒక అంగుళం మేర గట్టి మట్టి బిరడా. ప్లాస్టిక్ టై కొస దూర్చి మెల్లగా తవ్వితే మట్టి పొరలుగా ఊడొచ్చింది, మధ్యలో గదుల్లాంటి గుంటలు, ఒక గుంటలో ఎండిపోయిన చిన్న చిన్న సాలీళ్లు ముద్దగా. మట్టి గూళ్లు కట్టే కందిరీగలవి. సాలీడుని కుట్టి, చచ్చుబడేలా చేసి, దాన్ని గూట్లో పెట్టి గుడ్డు పెడతాయి, పిల్లకి మేత అదే. ఈ ప్రాంతంలో వేలు పట్టేంత ఏ పైపు కనబడినా వాటికి ఇల్లే. గ్యాస్ పొయ్యి పైపులు, ఏసీ డ్రెయిన్లు, అన్నీ.

అమ్మినాయన అబద్ధం చెప్పలేదని నాకిప్పుడు నమ్మకం కుదిరింది. ఆయన చూసింది బండి దగ్గి ఆగిపోవడమే. ఎవరో కార్బురేటర్ అన్నారు, ఎవరో విప్పారు, స్క్రూలు నలిగాయి. బాగుపడకపోతే ఓ మూలన పడేశారు, అలా పడి ఉండగానే పెట్రోలు కుళ్లి కార్బురేటర్ నిజంగానే పాడైంది. మొదటి రోగం పైపు కొసలో మట్టి.

కొత్త గాలి పైపు వేసి, కొస కిందికి తిప్పి, సన్న ఇత్తడి జల్లెడ ఉన్న బిరడా పెట్టాను. పురుగు దూరదు, గాలి పోతుంది. ఆ చేత్తోనే గేరుబాక్సు గాలి పైపు కూడా చూశాను, అది తెరిచే ఉంది. ఆ సాయంత్రం కంచె వెంట చీకటి పడేదాకా తిప్పాం. ఎక్కడా ఆగలేదు.

డిసెంబర్ మూడో వారం

చలి ముదరకముందే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) పని పెట్టుకున్నాను. టెస్టర్‌తో చూస్తే ఇది 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకానే కాపాడుతుంది, అంటే ఎవరో నీళ్లు పోస్తూ పోయారు. టెక్సస్‌లో చలి ఏముందిలే అనుకోవద్దు. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఫారెన్‌హీట్ సున్నాకి రెండు డిగ్రీలు కింద నమోదైంది, సెల్సియస్‌లో మైనస్ 19. ఇలాంటి కూలెంట్‌తో ఆ రోజు బయట ఉండి ఉంటే ఇంజిన్ బ్లాకు పగిలే ప్రమాదం ఉండేది.

ముందు రేడియేటర్ శుభ్రం. నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, మట్టి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ప్రెషర్ వాషర్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. తోట పైపు చాలు, ఓపిక కావాలి. నానబెట్టి, కొట్టి, మళ్లీ నానబెట్టి. జాన్సన్ గడ్డి గింజలు, నల్లమట్టి, మిడతల రెక్కలు దోసెళ్ల కొద్దీ వచ్చాయి. లైటు వెనక పెట్టి చూస్తే అటు పక్క కనబడేదాకా వదల్లేదు.

పాత కూలెంట్ పూర్తిగా పట్టి మూత ఉన్న డబ్బాలో పోశాం. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొంచెం చాలు చావడానికి. కొత్తది అల్యూమినియం ఇంజిన్లకి పనికొచ్చే రకం, డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం. అది మైనస్ 37 సెల్సియస్ దగ్గర దాకా గడ్డకట్టదు. రేడియేటర్ మూత అన్నిటికంటే ఎత్తున ఉండేలా బండి ముందు భాగం ఎత్తి, ఇంజిన్ నడిపి, బుడగలు ఆగేదాకా పోశాను.

ఫ్యాన్ తిరగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా తీగ ఇస్తే తిరిగింది, కాబట్టి మోటారు మంచిది. వేడెక్కితే ఫ్యాన్ వేసే థర్మో స్విచ్ దగ్గర రెండు తీగలూ కలిపితే తిరిగింది, కాబట్టి వైరింగ్ మంచిది. స్విచ్ మార్చాను. ఇప్పుడు వేడెక్కగానే దానంతటదే అందుకుంటోంది.

బెల్టు పెట్టె కూడా అదే వారం విప్పాను. బెల్టు అంచులు అద్దంలా మెరుస్తున్నాయి, లోపలి పళ్ల మొదట్లో సన్న పగుళ్లు, వెడల్పు మాన్యువల్లో చెప్పిన కనిష్ఠానికి దగ్గరపడింది. కొత్తది వేశాను, బాణం గుర్తు తిరిగే దిక్కుకి పెట్టి. బెల్టు తిరిగే కప్పీల ముఖాలు గ్రీజు లేకుండా తుడవాలి, వేలి జిడ్డు కూడా ఉండకూడదు. బరువు వేసినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు లో గేరే వాడాలి. హైలో లాగిస్తే బెల్టు జారి కాలుతుంది.

ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు, గేరుబాక్సు ఆయిలు, డిఫరెన్షియల్ ఆయిలు మార్చడం మామూలు పనే. గేరుబాక్సు డ్రెయిన్ బోల్టుకి అంటుకున్నది మెత్తటి బూడిద, ముక్కలేం లేవు. అది మంచి వార్త.

జనవరి, సంక్రాంతి వారం

సీటు బెల్టులు కొత్తవి. తల మీది రక్షణ పైపుల బోల్టులన్నీ టార్క్ రెంచీతో చూశాను, రెండు వదులుగా ఉన్నాయి, బిగించాను. బండి పల్టీ కొట్టినప్పుడు మనిషిని కాపాడేవి ఆ పైపులూ, ఆ బెల్టూ కలిసి. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. పిల్లలకి నియమం కూడా పెట్టాం: కాళ్లు నేలకి ఆనాలి, బెల్టు పెట్టాలి, తొట్టిలో మనుషులు ఎక్కకూడదు. కనుమ రోజు అమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించింది.

ఆ వారమే మంచి వాన పడింది. తేనెటీగలకి చక్కెర మేత, రెండు ఖాళీ పెట్టెలు, నీళ్ల డ్రమ్ము వేసుకుని, లో గేరులో, నాలుగు చక్రాల డ్రైవ్ పెట్టి చెరువు దాటి అవతలి గట్టు దాకా వెళ్లొచ్చాం. ఏటవాలు మీద మధ్యలో కావాలనే బ్రేకు తొక్కి నిలబెట్టాను. నిలబడింది, కదల్లేదు. తిరిగొచ్చాక డ్రమ్ముల బయట, రేడియేటర్ ముందు పట్టిన మట్టి ఎండకముందే తోట పైపుతో కడిగేశాం. ఈ నేల మీద తిరిగే బండికి నేను చేసే నిర్వహణలో సగం ఇదే, తడి మట్టి తడిగా ఉండగానే వదిలించడం.

మిగిలినవి: వెనక కమాన్ బుష్‌లు కిర్రుమంటున్నాయి, మార్చాలి. అవర్ మీటర్ పనిచేయడం లేదు, అది బాగయ్యేదాకా బండి నడిచిన గంటలు షెడ్డు తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాస్తున్నాం. ముందు ఎడమ యాక్సిల్ బూటు చిరుగుకి ప్రస్తుతానికి లోపలి మట్టి కడిగి, గ్రీజు నింపి, ప్లాస్టిక్ చుట్టి పెట్టాను. కీలు చేత్తో ఆడిస్తే వదులు లేదు, కాబట్టి యాక్సిల్ మొత్తం కొనక్కర్లేదు. బూటు, క్లాంపులు, గ్రీజు కిట్ ఆర్డర్ పెట్టాను. నాన్నవాళ్ల తిరుగు ప్రయాణం ఏప్రిల్‌లో, యాక్సిల్ ఊడదీసే పని ఈలోపే పెట్టుకుంటాం. ఆ కీలు లోపల గుండ్లు ఎలా అమర్చారో విప్పి చూడాలని ఆయన ఇప్పటికే అడుగుతున్నారు.